నడివయస్సున దొరకిన పేరు



నేటి ప్రసంగ విషయము ఆటిజము. ఈ మాట వినగానే మాటలు రాని పసిబిడ్డయు, వానిని చంకనెత్తుకొని ఆస్పత్రుల చుట్టు తిరుగు తల్లియు మన కన్నులకు గట్టుదురు. నేను చెప్పదలచినది ఆ బిడ్డను గూర్చి కాదు. అట్టి స్వభావముతోనే పుట్టి, పేరు తెలియకయే పెరిగి పెద్దవాడై, చదువుకొని, ఉద్యోగమో వ్యవసాయమో చేసికొనుచు, నలువదియేండ్లు దాటిన పిమ్మట “నేనేల నలుగురివలె నుండలేకున్నాను?” అని వైద్యుని కడకు పోయి యడుగువానిని గూర్చి. మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందును అట్టివారుండక పోరు. వారికి సమాధానము చెప్పుట వైద్యుని పని. ఆ ప్రశ్న యడుగుటకు ఇంతకాల మేల పట్టెనన్నది చరిత్ర విషయము. నేను బడిపంతులను గాని వైద్యుడను గాను. కావున ఈ రెండవదానినే విశేషముగా విన్నవింతును. మొదటిదానిలో మీవంటి పెద్దల పాలెంత గలదో తుదకు మనవి చేసెదను.

పూర్వము అట్టివారికి పేరు లేకపోలేదు. పేర్లు మితిమీరి యుండెను. మాలోకము, వెర్రిబాగులవాడు, తిక్కమనిషి, ముక్కుసూటివాడు, పుస్తకాల పురుగు - ఇవి యన్నియు మన పల్లెలలో నేటికిని వినవచ్చునవే. ప్రతి బడిలోను అట్టి విద్యార్థులు ఒకరిద్దరైన నుందురు. అమరకోశము ప్రథమకాండము తడబడక యొప్పజెప్పగలవాడు పొరుగింట మంచినీళ్లడుగలేడు. తెనాలికిని రేపల్లెకును నడుమ తిరుగు రైళ్ల వేళలన్నియు వాని నాలుకపై నుండును. తోటిపిల్లలు తనతో గలసి నవ్వుచున్నారో, తన్ను జూచి నవ్వుచున్నారో వానికి తెలియదు. రోజును కూర్చుండు చోటు మారిన నాడు వానికి పాఠ మెక్కదు. పెండ్లిపందిట డోలు మ్రోగెనా, చెవులు మూసికొని పెరటిలోనికి పరుగిడును. జ్ఞాపకశక్తిని జూచి ఏకసంథాగ్రాహి యని మెచ్చుకొన్న నోటితోనే, కన్నెత్తి చూడడనియు నమస్కారమైన పెట్టడనియు వానిని పొగరుబోతని తిట్టుదురు. ఒక్క స్వభావమునకు రెండు తీర్పులు! మితభాషులందరును, లెక్కలలో దిట్టలందరును ఇట్టివారే యని మాత్రము తలపరాదు. ఈ లక్షణములు పుట్టుకనుండియు కలసి యుండి, బ్రతుకుతెరువునకు అడ్డము వచ్చునంతగా నున్నప్పుడే వైద్యులు ఆటిజమందురు.

మన శాస్త్రములలో ఇట్టివారిలో కొందరికి తగిలిన పేరు ‘జడుడు’. భాగవతము పంచమస్కంధమునందలి జడభరతుని కథ మీకు క్రొత్తది కాదు. లోకులాతనిని జడుడనిరి. అన్నలు పొలము కాపు పెట్టిరి. రహూగణ మహారాజు బోయీలు పల్లకి మోయుటకై పట్టుకొని పోయిరి. ఆతడు మోయగా పల్లకి కుదుపు పెట్టెను. ఏల? కాలిక్రింద ప్రాణి నలగకుండుటకై ఆతడు బాణమంత దూరము ముందు నేలను జూచికొని యడుగిడుచుండెను. తక్కినవారి యడుగుతో ఆతని యడుగు కలియలేదు. రాజునకు తెలిసినది కుదుపే గాని కారణము కాదు. జడభరతునకు ఆటిజ ముండెనని నేననుట లేదు. పురాణపురుషులకును వెనుకటి కవులకును రోగనిర్ణయములు చేయుట యీ కాలమున నొక వేడుక. అది నాకు రుచింపదు. ‘జడుడు’ అను మాట లోపలి కారణమును విచారింపక వెలుపలి నడకకు పెట్టిన పేరని చూపుటయే నా యుద్దేశము.

ఆ మాట పురాణముతో నాగిన బాగుండెడిది. ధర్మశాస్త్రమున నది యాస్తిని నిర్ణయించు మాట యాయెను. యాజ్ఞవల్క్యస్మృతి దాయవిభాగమున అంధుడు, కుంటివాడు, ఉన్మత్తుడు, జడుడు మొదలగువారిని అన్నవస్త్రములిచ్చి పోషింపవలెను గాని వారికి పాలు లేదని చెప్పబడినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరయే మన ప్రాంతమున ప్రమాణ మాయెను. 13వ శతాబ్దమున కేతన దానిని తెనిగించెను. తరువాత ఆంగ్లేయుల న్యాయస్థానములును మితాక్షరనే పట్టుకొని తీర్పులు చెప్పెను. 1928లో ఒక శాసనము చేసి యీ నిషేధములను చాలవరకు తొలగించిరి. పుట్టుకతో ఉన్మాదియు, పుట్టుకతో బుద్ధిహీనుడును అగువానిని మాత్రము విడిచిపెట్టిరి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 28వ సెక్షనుతో ఆ మిగిలినదియు పోయెను. చట్టము పోయినను మాట పోలేదు. “వానికేమి తెలియును, వాని పాలు అన్న చూచుకొనును” అని చెప్పి సంతకము పెట్టించు పద్ధతి పంపకముల పంచాయతులలో కూర్చున్న పెద్దలు ఎరుగనిది కాదు.

ఇక ప్రభుత్వమువారి పుస్తకములు. 1881 మొదలు 1931 వరకు జరిగిన జనాభా లెక్కలలో ఉన్మత్తులను, పుట్టు చెవిటి మూగవారిని, అంధులను, కుష్ఠరోగులను వేరుగా లెక్కించిరి. తన పొలము తాను దున్నుకొనుచు, ఎవరి గడపయు త్రొక్కక, ఏటేటి వర్షపు లెక్క నోటికి చెప్పగల మనిషిని లెక్కగాడు ఏ పద్దున వ్రాయును? ఏ పద్దునను వ్రాయడు. 2011 జనాభా లెక్కలలో వైకల్యములకు 8 పద్దులుండెను. ఆటిజమునకు అప్పుడును ప్రత్యేకమైన పద్దు లేకుండెను.

ఆటిజమను పేరు పుట్టినది స్విట్జర్లాండున. అచ్చటి మనోవైద్యుడు బ్లాయిలరు 1911 ప్రాంతమున, గ్రీకుభాషలో ‘తాను’ అను నర్థము గల మాటనుండి దీనిని కల్పించెను. కాని ఆతడు దానిని పెద్దవారి ఉన్మాదమునందలి యొక లక్షణమునకు వాడెను. 1925లో మాస్కోలో సుఖరేవా యను వైద్యురాలు ఆరుగురు బాలురను గూర్చి వ్రాసిన వర్ణనము నేటి ఆటిజ వర్ణనమునకు ఆశ్చర్యముగా సరిపోవును. లోకమామెను పట్టించుకొనలేదు. 1943లో అమెరికాలో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి వైద్యుడు లియో క్యానర్ 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఈ పేరు లోకమున స్థిరపడెను.

ఆ 11 మందిలో మొదటివాని కథ మన రైతులు వినదగినది. వాని పేరు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్టు అను చిన్న యూర 1933లో పుట్టెను. 1938లో క్యానరును చూడబోవుటకు ముందు తండ్రి, కుమారుని నడవడిని గూర్చి తనకు తెలిసినదంతయు 33 పుటల లేఖగా వ్రాసి పంపెను. రెండేండ్ల వయస్సుననే వాడు తమ మతమునకు చెందిన 25 ప్రశ్నోత్తరములను వల్లించుట, గుండ్రని వస్తువులను త్రిప్పుచు కాలము మరచుట, తల్లి వచ్చినను పోయినను పట్టించుకొనకుండుట - ఇవియన్నియు ఆ లేఖ మూలముననే వైద్యునకు తెలిసెను. ఆటిజ చరిత్రకు మొదటి పత్రము వైద్యుడు వ్రాసినది కాదు, ఇంటి పెద్ద వ్రాసినది. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన.

తరువాత ఆ బాలుని తమ యూరికి కొంతదూరమున నున్న రైతు దంపతుల యింట నుంచిరి. వానికి కొలతల పిచ్చి. ఆ దంపతులు వాని నొక బావి త్రవ్వనిచ్చి, లోతెంతయో చెప్పుమనిరి. మొక్కజొన్న చాళ్లను వాడు మరల మరల లెక్కపెట్టుచుండగా, “దున్నుచు లెక్కపెట్టుము” అని నాగలి చేతికిచ్చిరి. 1945లో క్యానర్ అచ్చటికి పోయి చూచునప్పటికి ఆ బాలుడు గుర్రమును మలుపుచు చక్కగా చాళ్లు దున్నుచుండెను. ఏ వైద్యగ్రంథమును చదువకయే ఆ దంపతులు చేసిన వైద్యమంత గొప్ప వైద్యము ఆ కాలపు ఆస్పత్రులలో లేదని నా యభిప్రాయము. డొనాల్డు కళాశాలలో చదివి, తన యూరి బ్యాంకిలో ఉద్యోగము చేసి, కారు నడపి, దేశదేశములు తిరిగి, 2023లో 89వ యేట మరణించెను.

క్యానర్ వ్యాసము వెలువడిన మరుసటి యేడే వియన్నా నగరమున హాన్స్ ఆస్పర్గర్ అను వైద్యుడు, మాటలు చక్కగా వచ్చి చదువున చురుకై యుండియు నలుగురితో పొసగని బాలురను గూర్చి వ్రాసెను. మన కథానాయకునకు పోలికయైన వారు వీరే. ఆతని రచన జర్మనుభాషలో యుద్ధకాలమున మరుగున పడెను. ఆతడు నాజీల శిశుహత్యా వ్యవస్థకు కొందరు బిడ్డలను అప్పగించెనని 2018లో పత్రముల మూలమున రుజువైనందున నేడాతని పేరును పలువురు వాడుట మానిరి. ఈలోపల అమెరికాలో వేరొక యన్యాయము జరిగెను. తల్లి ప్రేమలేమియే బిడ్డ యాటిజమునకు కారణమని కొందరు పండితులు రెండు దశాబ్దములు ప్రచారము చేసిరి. అట్టి మాటలకు తానును తావిచ్చిన క్యానరే 1969లో తల్లిదండ్రుల సభయందు వారు నిర్దోషులని ప్రకటించెను. 1977లో కవలపిల్లలను పరిశీలించి, ఇది చాలవరకు వంశానుగత మని ఫోల్‌స్టీన్, రట్టర్ అనువారు తేల్చిరి. 1981లో లండను వైద్యురాలు లోర్నా వింగ్, తానే ఒక ఆటిజము గల కుమార్తెకు తల్లి, ఆస్పర్గర్ చెప్పినదానిని ఆంగ్లమున వివరించి, తన వర్ణనములో పెద్దవారిని గూడ చేర్చెను. ఆటిజము ఉన్నదా లేదా యని గీటు గీచి చెప్పునది కాదనియు, మన కాలువనీరు ఒకచోట మోకాలిలోతు, ఒకచోట నిలువులోతు ఉన్నట్లు మనిషి మనిషికి దాని పాలు మారుననియు లోకమునకు తెలిసినది ఆమె మూలముననే. ఉపమానము నాది, భావ మామెది.

ఇప్పుడు బాపట్లలో 1970లో పుట్టిన ఒక బాలుని ఊహింపుడు. అమెరికా మనోవైద్యుల గ్రంథమున ఆటిజము మొదటిసారి వేరు శీర్షికగా 1980లో వచ్చెను, అదియు శైశవవ్యాధిగా. అప్పటికి వానికి 10 యేండ్లు. మాటలు వచ్చిన చురుకైనవారిని గూర్చి ఆస్పర్గర్ పేరుతో ఆ గ్రంథమున 1994లో చేర్చిరి. వానికి 24, బడి ముగిసినది, బహుశః పెండ్లియు నైనది. 1995లో మన దేశమున వికలాంగుల చట్టము వచ్చెను. దానిలోని 7 వైకల్యములలో ఆటిజము లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ఆటిజమును పేరుపెట్టి చెప్పెను. వానికి 29. 2013లో వేరువేరు పేర్లన్నియు ఆటిజమను నొక్క గొడుగు క్రిందికి వచ్చెను. 2016లో వైకల్యములను 21కి పెంచుచు దివ్యాంగుల హక్కుల చట్టము చేయగా, 2017 ఏప్రిల్ 19వ తేదీన అది అమలునకు వచ్చెను. వానికి 46 నిండినవి. జీవితమున సగము దాటిన పిదప గాని వాని పేరు చట్టమున చక్కగా చేరలేదు! ఇందులో ఆతని తల్లిదండ్రుల తప్పు గాని, పంతుళ్ల తప్పు గాని వెదకి ప్రయోజనము లేదు. ఇంగ్లండువంటి దేశమున 2007లో పెద్దవారిని ఇంటింట పరిశీలింపగా సుమారు నూటికొకరికి ఆటిజము కనబడెను. అట్లు కనబడినవారిలో ఒక్కరికిని ఆ సంగతి యంతకుముందు తెలియదు.

మన తెలుగునేలకు ఈ చరిత్రలో గౌరవమైన స్థానము కలదు. దేశమంతట నేడు ఆటిజమును కొలుచుటకు వాడు కొలమానము సికిందరాబాదున పుట్టినది. 1984లో అచ్చట నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థవారు 2009 ప్రాంతమున దానిని సిద్ధముచేసిరి. ఆరు భాగములలో 40 అంశములు. ఒక్కొక్కదానికి 1 మొదలు 5 వరకు అంకెలు. మొత్తము 70కి తగ్గిన ఆటిజము లేదందురు. ఇది ముఖ్యముగా పిల్లలను దృష్టియందుంచుకొని చేసినది. అందువలన నలువదియేండ్లు సంసారముచేసి, నలుగురి మాటతీరు చూచి చూచి అనుకరించుట నేర్చినవానిని ఈ కొలమానముతో కొలుచుట కష్టము. చిన్నతనముననే కనుగొనుటకు 2013లో పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 18 యేండ్లతో నాగును. పెద్దవానికి వేరు వాకిలి లేదు. మనోవైద్యుని గదియే వాకిలి. గుంటూరు సర్వజనాస్పత్రియందును, మంగళగిరి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందును మనోవైద్య విభాగములు కలవు. రేపల్లెవారును తెనాలివారును రైలెక్కిన గుంటూరు దూరము కాదు, బాపట్లవారికిని అంతే.

అచ్చట జరుగునదేమి? రక్తపరీక్షయు లేదు, తల ఛాయాచిత్రమును లేదు. ఒకటి రెండు పర్యాయములు తీరికగా కూర్చుండబెట్టి ప్రశ్నింతురు. భయము, విషాదము, చాదస్తపు రోగము, ఉన్మాదము - వీనిలో నేదైన ఆటిజమువలె కనబడుచున్నదేమో విచారింతురు. తుదకు తప్పక యడుగు ప్రశ్న యొకటి కలదు: ఈ లక్షణములు బాల్యమున నుండెనా? నడుమ వచ్చినవైన అవి ఆటిజము కావు. నలువదియైదేండ్లవానికి తన మూడవయేడు జ్ఞాపకముండునా? అది తల్లికి జ్ఞాపకము, మేనత్తకు జ్ఞాపకము, ఎత్తుకొని తిరిగిన పెద్దక్కకు జ్ఞాపకము. శాసనము దొరకక చరిత్రకారుడు ఎట్లు తడబడునో, ఈ సాక్షులు లేక వైద్యుడును అట్లే తడబడును. ఆ తరమువారు ఒక్కొక్కరే వెళ్లిపోవుచున్నారు. వారితో కూడ సాక్ష్యమును పోవుచున్నది.

కావున మీలో నెవ్వరినైన కుమారుడో మేనల్లుడో వచ్చి “చిన్నప్పుడు నేనెట్లుంటిని?” అని యడిగినచో, “బంగారమువంటివాడవు” అని సరిపుచ్చకుడు. “మా వంశమున అట్టివారు లేరు” అని కసరుకొనకుడు. అడిగినవాడు నింద కోరి రాలేదు. ఎన్నవ యేట మాటాడెనో, పిలిచిన పలికెడివాడో కాదో, ఒక్కటే ఆట ఎన్నాళ్లు ఆడెనో, ఏ బట్ట తొడిగిన గీపెట్టెనో, ఏ కూర తప్ప మరేదియు ముట్టకుండెనో, తోటిపిల్లలలోనికి పోయెడివాడో దూరముగా నిలుచుండెడివాడో - జ్ఞాపకమున్నంత చెప్పుడు. జ్ఞాపకము లేనిది కల్పింపకుడు. పాతపెట్టెలో బడి యభివృద్ధి పత్రములు, పంతులు వ్రాసిన చీటీలు ఉన్నచో తీసి యిండు. ఇప్పుడు పలువురు ఈ ప్రశ్నకు వచ్చు త్రోవ యొకటి కలదు. బిడ్డకు ఆటిజమని చెప్పి వైద్యుడు ప్రశ్నలడుగుచుండగా, “ఇవన్నియు నాకును గలవే” యని తండ్రి దిగ్గున లేచును. ఆ యింట తాతయో నాయనమ్మయో చెప్పు మాట ఇద్దరికిని పనికివచ్చును.

ఆడువారిని గూర్చి యొక మాట. మాటాడని మగపిల్లవాడు మాలోక మనిపించుకొనును. మాటాడని ఆడపిల్ల బుద్ధిమంతురాలని పేరుపొందును. అత్తవారింటికి పోయి, చుట్టములతో కలుపుగోలుగా నుండలేక, వంటయింటి రొదయు పేరంటపు సందడియు భరింపలేక బాధపడునప్పుడు గాని కష్టము బయటపడదు. అప్పుడును గర్వమనియో గాలి సోకెననియో అందురు గాని మరియొకటి తోచదు. స్త్రీలలో నిర్ధారణ ఆలస్యమగుటకు ఇది ముఖ్యకారణము.

“ఇంతకాలము గడిచినది గదా, ఇప్పుడీ పేరెందుకు?” అని కొందరడుగుదురు. ఉచితమైన ప్రశ్నయే. ఆటిజమును మాన్పు మాత్ర లేదు. మూలకణములతో మాన్పుదుమని వేలకు వేలు గుంజువారి మాటకు శాస్త్రప్రమాణము లేదు. నిద్రపట్టనిచో, భయము హెచ్చినచో దానికి మందులు కలవు. అయినను పేరు తెలియుటవలన తప్పుడు మందులు మానును. మొగుడు పలుకకుండుట తనపై కోపము కాదని భార్యకు తెలియును. పనిచోట ఆజ్ఞలు నోటితో గాక కాగితముపై వ్రాసి యిమ్మని యడుగుటకు నోరు వచ్చును. పేరు తెలిసికొనుట వేరు, ధ్రువపత్రము పుచ్చుకొనుట వేరు. నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యమని ప్రభుత్వ వైద్యులు తేల్చినచో ధ్రువపత్రము వచ్చును. ఆ పత్రము గలవారికై ప్రభుత్వోద్యోగములలో కేటాయించిన నూటికి 4 పాళ్లలో ఒక పాలు ఆటిజము, మానసిక వ్యాధి మొదలగు వర్గములకు కలసి యున్నది. వలదనుకొన్నవాడు పత్రమునకు పోనక్కరలేదు. రోగి సంగతిని వైద్యుడు బయటపెట్టరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

పేరు వచ్చెనని పాలు పోదు. ఇతరులతో సమానముగా ఆస్తి కలిగియుండుటకును వారసత్వము పొందుటకును దివ్యాంగులకు హక్కు గలదని 2016 చట్టము 13వ సెక్షను స్పష్టముగా పలుకుచున్నది. పంపకము కాగితము మీ ముందునకు వచ్చునప్పుడు, మాటాడని తమ్ముని వేరుగా పిలిచి, కాగితమును నిదానముగా చదివి వినిపించి, ఆలోచించుకొనుటకు రెండు దినములు గడువిచ్చి, అప్పుడు వాని యిష్ట మడుగుడు. వాడు తడవుగా చెప్పును గాని చెప్పలేకపోడు.

మనోవైద్యుని కడకు పోవుటకు ముందు ఎవరితోనైన మాటాడి చూడదలచినవారికి 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ అను టెలిఫోను సహాయము కలదు. దాని సంఖ్య 14416. పైకము పుచ్చుకొనరు, తెలుగున మాటాడుదురు. సెలవు.